వద్దన్న ముదీర్‌కు శాలువా కప్పిన వైనం

ఒక మనిషి పరువు తీయాలంటే తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు, గంధపు చెక్కల దండ ఒకటి వేస్తే చాలు. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే కువైట్‌లో, ఫర్వానియాలో, హాలు నిండా కూర్చున్న తెలుగువాళ్ళ ఎదుట, నా జీతం మీద సంతకం పెట్టే మనిషికి ఆ పని స్వయంగా చేసినవాణ్ణి నేను. మీలో ఎవరికైనా పై అధికారిని మంచి చేసుకోవాలన్న ఆలోచన ఉంటే ఇది చదివాక మానుకుంటారు. మానుకోకపోతే మీ ఖర్మ, నేను చెప్పలేదనకండి.

నాది కోనసీమ. పదో తరగతి గుమ్మం తొక్కలేదు. యుద్ధం అయిపోయిన కొత్తలో కువైట్ వెళ్ళి, సబ్హాన్‌లో కార్ల విడిభాగాల గోడౌన్‌లో సామాను దించే పనికి కుదిరాను. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. పెట్టెల్లో నేర్చుకున్నాను. ఇంగ్లండు నుంచి హెడ్‌లైట్ల అద్దాలు వచ్చేవి. అవి పగలకుండా పాత కాగితాలు ఉండలు చుట్టి కుక్కేవారు. ఎవరో పాటల వారపత్రిక పాత ప్రతులు తూకానికి కొన్నట్టున్నారు, ప్రతి పెట్టెలోనూ అవే. మిగతావాళ్ళు వాటితో గ్రీజు తుడుచుకునేవారు. నేను ఇంటికి తెచ్చుకుని, సాపు చేసుకుని, పరుపు కింద పెట్టి, మర్నాడు చదివేవాణ్ణి. డిగ్రీలున్నవాళ్ళు ఇది విని నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళకి చదువు బల్ల మీద పెట్టి వడ్డించారు, నేను నలిగిన కాగితంలోంచి ఏరుకున్నాను.

అలా ఏరుకున్న చదువులో నాకు దొరికినవాళ్ళు ముగ్గురు కుర్రాళ్ళు. వాళ్ళ గుంపు పేరు రాయను. ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళకి లాయర్లున్నారు. ఇంగ్లండు ఉత్తరాన ఎప్పుడూ వాన కురిసే మిల్లుల ఊరు వాళ్ళది. డోలు లేదు, గిటారు లేదు. ముగ్గురి ముందూ మూడు కరెంటు కీబోర్డులు. తాళం కూడా యంత్రమే వేస్తుంది. మొహాలకి పౌడరు, కళ్ళకి కాటుక, జుట్టేమో పార్కులో ఫౌంటెన్‌లా పైకి లేచి పక్కలకి పడుతుంది. మా అమ్మ చూసి ఉంటే దిష్టి తీసేది.

ఆ దేశంలో ఒక పద్ధతుంది. వారంవారం ఏ పాట రికార్డులు ఎక్కువ అమ్ముడుపోయాయో లెక్కేసి, పాటలకి ర్యాంకులిస్తారు. ఆదివారం రేడియోలో చదువుతుంటే జనం పరీక్షా ఫలితాలు విన్నట్టు గోళ్ళు కొరుక్కుంటూ వింటారట. పాట బాగుందా అని కాదు, ఎంతమంది కొన్నారని. ఆ లెక్కన కువైట్‌లో ఖుబ్బూస్ రొట్టె ఏడాది పొడవునా నంబర్ వన్. దాన్ని కళ్ళకద్దుకుని తిన్నవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు.

ఇలా అని నేను తిట్టుకుంటూనే ఆ ర్యాంకుల పిచ్చిలో పీకలదాకా కూరుకుపోయాను. మా ముగ్గురు కుర్రాళ్ళ మొదటి పాట అసలు పట్టికలోకే ఎక్కలేదు. రెండోది ఎక్కీ ఎక్కనట్టు ఎక్కి జారిపోయింది. మూడోది ఒక్కో మెట్టూ పాకుతూ రెండో స్థానానికి వెళ్ళి అక్కడే ఇరుక్కుంది. ఎందుకో తెలుసా? పైన ఒక బొమ్మ కుక్క పాడిన పాట కూర్చుని దిగలేదు. కుక్కండీ. గుడ్డతో చేసిన కుక్క. ఈ అన్యాయం ఇంగ్లండు ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది, నేను మాత్రం మర్చిపోలేదు. తర్వాతి పాటతో వాళ్ళు నంబర్ వన్ కొట్టిన కాగితం దొరికిన రోజున గది మొత్తానికి సేమ్యా పాయసం చేసి పెట్టాను.

ఇంతకీ ఆ పాటలు విన్నావా అంటారా? ఒక్కటీ వినలేదు. కాగితంలో పాట వినపడదు కదా.

అర్దియాలో నా గదిలో ఉండేవాడు రెడ్డెప్ప. రాయచోటి వైపు మనిషి, మా గోడౌన్‌లోనే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. వాడికి నా కాగితాలంటే చులకన. అన్నం కింద పరుచుకోవడానికే వాడేవాడు.

"ఏందన్నా, ఆ చిత్తుకాయితాలకు ఇస్త్రీ చేస్తాండావా?"

"చరిత్ర రెడ్డెప్పా. నీకు తెలీదులే."

"తెలీదు గానీ, ఈ పటంలో మూడోవోడు తాటిచెట్టు మాదిరి ఉండాడు. ఆ పటంలో చూస్తే జానెడు తగ్గినాడు. వీడు వేరేవోడు కాదు గదా?"

"వేరేవాడెందుకవుతాడు? బూట్లు మార్చుంటాడు. వాళ్ళు మడమలెత్తు బూట్లు వేస్తారు."

"జుట్టు గూడా వేరే ఉందే."

"కత్తిరించుకున్నాడు. నీకు అన్నీ అనుమానాలే."

"అంతేలేన్నా. సదివినోడివి, నువ్వు చెప్తే కరెక్టే."

అలా ఆ విషయం అక్కడితో తేల్చేశాను. తేల్చేయడంలో నన్ను మించినవాడు అప్పటికి గల్ఫ్ మొత్తంలో లేడు.

ఇప్పుడు అసలు కథ. మా గోడౌన్‌లో ఏసీ ఉన్న గది ఒకటే, స్టోర్‌కీపర్ గది. మిగతా మేమంతా రేకుల కింద. జూలైలో ఇనుప రాక్‌ని ముట్టుకుంటే చెయ్యి అట్టులా చుయ్‌మనేది. ఆ గదిలో ఉండే కేరళ పెద్దాయన ఇంటికి వెళ్ళిపోతున్నాడని కబురు తెలిసింది. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది కొత్త ముదీర్. ముదీర్ అంటే మేనేజరు. ఇంగ్లీషువాడు, పొడుగు మనిషి, నెత్తి మీద వెంట్రుక లేదు, మాట తక్కువ. ఎండలో ఇన్నేళ్ళు వేగిన నాకు ఆ కుర్చీ తప్ప లోకంలో ఇంకేమీ కనిపించని రోజులవి.

ఒకరోజు ముదీర్ గదిలో బీరువా జరపమని నన్ను పిలిచారు. జరుపుతుంటే తలుపు తెరుచుకుంది. లోపలివైపు ఒక ఫోటో అంటించి ఉంది. మూడు కీబోర్డులు, మూడు ఫౌంటెన్లు. ఆ తాటిచెట్టు మూడోవాడు... నేను ఫోటో వంక చూశాను, ముదీర్ వంక చూశాను. జుట్టు పోయింది గానీ ముక్కు ఎక్కడికి పోతుంది?

"సార్, మీరేనా?"

ఆయన తలుపు మూసేశారు. "ఎప్పటి సంగతో, రాజు. వదిలెయ్."

నాకు ఒళ్ళు పులకరించింది. నంబర్ వన్ పాట చేసిన మనిషి, బీరువా తలుపు లోపల దాక్కుని బ్రేకు ప్లేట్లు అమ్ముకుంటున్నాడు. ఎంత వినయం. మనవాళ్ళయితే కాలనీ నాటకంలో ద్వారపాలకుడి వేషం వేసినందుకు ఇంటి ముందు బోర్డు పెట్టుకుంటారు.

అదే సాయంత్రం తెలుగు సంఘం ప్రెసిడెంటు గారికి ఫోన్ చేశాను. ఆయన పెద్ద ఇంజనీరు. మైకు చేతికిస్తే మళ్ళీ ఇవ్వడానికి నలుగురు పట్టుకోవాలి. ఏటా ఉగాదికి ఎవరో ఒకరికి సన్మానం చేస్తే గానీ ఆయనకి పచ్చడి రుచించదు. ఆ ఏడు ఎవరూ దొరక్క సతమతమవుతున్నారు.

"ఏమండీ వీర్రాజు గారూ, నిజంగా అంత గొప్పవాడా?"

"నంబర్ వన్ అండీ."

"ఎక్కడ, ఇండియాలోనా?"

"ఇంగ్లండులోనండీ."

"అయితే సింహాసనం కుర్చీ అద్దెకి తెప్పిద్దాం. సన్మానపత్రం మీరే రాయండి. మీకు భాష మీద పట్టుంది."

ఆ మాటకి నేను ఫోన్ పట్టుకునే నాలుగంగుళాలు పెరిగాను.

మర్నాడు ముదీర్‌ని కలిశాను. "సార్, మా ఉగాదికి మీకు చిన్న సన్మానం."

"నో, రాజు."

ఇక్కడ మీకూ నాకూ తెలిసిన విషయం ఒకటుంది, ఇంగ్లీషువాడికి తెలియనిది. మన దగ్గర వద్దనడం సన్మానంలో మొదటి అంకం. విస్తరి ముందు కూర్చున్న చుట్టం గారెలు వద్దని చెయ్యి అడ్డం పెట్టినట్టే. ఆ చేతి మీదుగా వడ్డించేవాడే మర్యాద తెలిసినవాడు. వెంటనే ఒప్పుకున్నవాణ్ణి చూసి, వీడికి ఎంత ఆశ అనుకుంటాం. కాబట్టి ముదీర్ నో అనగానే, అమ్మయ్య, పద్ధతి తెలిసిన మనిషి అనుకున్నాను.

రెండు రోజులాగి మళ్ళీ అడిగాను.

"రాజు, నిజంగా చెబుతున్నాను. నాకు ఇష్టం లేదు."

నిజంగా అన్నాడంటే ముదిరిందన్నమాట. మూడోసారి అడిగితే బల్ల గుద్ది, "అబ్సల్యూట్లీ నాట్" అన్నారు. నేను బెదరలేదు. మా ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు గారు సన్మానం మాట ఎత్తితే చేతికర్రతో తరిమారు. ఆ రోజు వచ్చేసరికి కొత్త పంచె కట్టుకుని అందరికంటే ముందు స్టేజీ ఎక్కి కూర్చున్నారు.

రెడ్డెప్ప మాత్రం గునిశాడు.

"అన్నా, ఆయప్ప మూడుమార్లు వద్దన్యాడు. యాల పీకులాడ్తావు?"

"మూడుసార్లు వద్దన్నాడంటే ఒప్పుకున్నట్టేరా."

"మా కాడ మూడుమార్లు వద్దంటే, ఆ పైన చెప్పుతోనే చెప్తారు."

"అది మీ దగ్గర. ఈయన కళాకారుడు."

చివరికి భార్యతో కలిసి భోజనానికి రమ్మని పిలిచాను. "భోజనం మాత్రమే కదా?" అని అనుమానంగా అడిగారు. "మా పులిహోర తినాలి సార్" అన్నాను. అబద్ధం కాదు, పులిహోర ఉంది. దానికి ముందు ఏముందో అడగలేదాయన.

శుక్రవారం మధ్యాహ్నం. హాలు కిక్కిరిసింది. గోదావరి వాళ్ళు ఒకవైపు, కడప వాళ్ళు ఒకవైపు, మధ్యలో పిల్లల గోల. ముదీర్ భార్యతో లోపల అడుగు పెట్టగానే వీడియో లైటు మొహాన కొట్టారు. నలుగురు వలంటీర్లు చుట్టుముట్టి స్టేజీ మీదకి నడిపించారు. నడిపించారంటే మర్యాదకి అంటున్నాను. ఎర్ర సింహాసనంలో కూలేశారు. పట్టు కండువాతో తలపాగా చుట్టారు. దండ వేశారు. మెరూన్ శాలువా కప్పారు. ఒళ్ళో పళ్ళ పళ్ళెం పెట్టారు. లేవాలంటే యాపిల్ పళ్ళు దొర్లుతాయి, అందుకని ఆయన కదల్లేదు. మహా స్థిరచిత్తుడు అనుకున్నాం.

నేను సన్మానపత్రం అందుకున్నాను. ప్లాస్టిక్ పూత వేయించి ఫ్రేము కట్టించింది.

"ఓ స్వరయంత్ర విశారదా, మీటల మీద మీ వేళ్ళు మయూరాల్లా నర్తించగా ఆంగ్లదేశం అదిరిపోయినది."

చప్పట్లు. ప్రెసిడెంటు గారు వంగి ముదీర్ చెవిలో ఇంగ్లీషులో అందిస్తున్నారు.

"తృతీయ గీతము ద్వితీయ స్థానమధిరోహించి, నీచ శునక బొమ్మ మూలమున అచ్చటనే నిలిచినది."

జనం అయ్యో అన్నారు. ముదీర్ మొహం ఎర్రబడింది. ఆనందం పొంగుతోందనుకుని గొంతు పెంచాను.

"ఆపై, సోదరీసోదరులారా, నంబర్ వన్."

హాలు లేచి నిలబడింది. కడప వైపు నుంచి ఈలలు. ముందు వరుసలో కూర్చున్న ముదీర్ భార్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. పాపం, మొగుడి కీర్తికి ఏడుస్తోందని మా ఆడవాళ్ళు ఇద్దరు వెళ్ళి ఓదార్చారు. నేను ఆగలేదు. ఆ పాట తర్వాత వచ్చిన పాటలు, దేశదేశాల్లో కచేరీలు, బంగారు రికార్డులు, నాకు దొరికిన కాగితాల్లో ఉన్నదంతా పూస గుచ్చినట్టు చదివి, చెమట తుడుచుకుని, మైకు ముదీర్ చేతికిచ్చాను.

ఆయన ఇంగ్లీషులో, నెమ్మదిగా అన్నారు. "ఇతను చదివినవాటిలో ఏదీ నేను చేసింది కాదు."

ప్రెసిడెంటు గారు ఇంకో మైకులో అనువదించారు. "ఇదంతా తన గొప్ప కాదంటున్నారు. చూశారా, వినయం." చప్పట్లు.

"కాదు. రెండో పాట తర్వాత నేను ఆ గుంపు వదిలేశాను. మిగతా అంతా నా జాగాలో చేరినవాడు చేశాడు."

"తన జాగాలో ఎవరున్నా ఇంతే చేసేవారట. ఎంత పెద్ద మనసు." ఈసారి ఇంకా చప్పట్లు.

నాకు చప్పట్లు వినపడలేదు. ఇంగ్లీషు అర్థమయ్యే దౌర్భాగ్యం నాకుంది. మూడోవాడు జానెడు తగ్గిన ఫోటో కళ్ళ ముందు గిర్రున తిరిగింది. బూట్లు కాదు. జుట్టూ కాదు. హాలు చివర నిలబడ్డ రెడ్డెప్ప నా వంక చూసి, అరచెయ్యి నేలకి సమాంతరంగా పెట్టి కొంచెం కిందికి దించి చూపించాడు.

మిగతాది భోజనాల దగ్గర ముదీర్ భార్య చెప్పింది. ఏడ్చింది కాదు ఆవిడ, నవ్వాపుకోలేక చచ్చింది. ఆ నంబర్ వన్ పాటని వాళ్ళు రెండో పాట జారిపోయిన రోజుల్లోనే కట్టారట. ఈయన విని, ఇది పాట కాదు, దీన్ని ఎవడూ కొనడు అని తేల్చేసి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడట. ఇంకో మనిషిని చేర్చుకుని వాళ్ళు మూడో పాట వెనకే దాన్నీ రికార్డుగా వదిలారు. ఆ తర్వాత ఇంగ్లండులో ఏ దుకాణంలోకి వెళ్ళినా అదే పాట, ఏ పెళ్ళికి వెళ్ళినా అదే పాట. మంగలి దుకాణంలో సగం గడ్డంతో లేచి వచ్చేసిన రోజూ ఉందట.

"అందుకే కువైట్ వచ్చాం" అంది ఆవిడ పులిహోర కలుపుకుంటూ. "ఇక్కడ ఆ పాట ఎవరికీ తెలియదని. ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాడు."

చూశారా. ఈ భూమి మీద ఆ పాట తలకాయ నొప్పి లేని దేశం వెతుక్కుని ఒక మనిషి ఎడారికి వచ్చాడు. ఆ ఎడారిలో, ఆ గోడౌన్‌లో, ఆ రేకుల కింద, దాని వారవారపు జాతకం నోటికొచ్చినవాణ్ణి నేనున్నాను. పైగా శాలువా కప్పి చదివాను.

శనివారం పొద్దున్నే పిలుపొచ్చింది. బల్ల మీద శాలువా మడత పెట్టి ఉంది.

"రాజు, ఆ వివరాలన్నీ నీకెక్కడివి?"

"హెడ్‌లైట్ల పెట్టెల్లో ప్యాకింగ్ కాగితాలు సార్."

ఆయన కిటికీలోంచి గోడౌన్ వెనక ఆరుబయట వంక చూశారు.

"టైర్లకు ప్యాకింగ్ కాగితం ఉంటుందా?"

"ఉండదు సార్. ఊరికే వస్తాయి."

"గుడ్. ఈరోజు నుంచి నువ్వు టైర్ల దగ్గర."

ఖలాస్. టైర్లుండేది గోడౌన్ వెనక, ఆరుబయట. రేకుల నీడ కూడా లేదు. ఏసీ గది కుర్చీ రెడ్డెప్పకి ఇచ్చారు, అచ్చు కాగితం చదవని మనిషని. మధ్యాహ్నం అద్దంలోంచి నాకు చల్లటి నీళ్ళ సీసా చూపించి, "రా అన్నా, తాగిపో. సన్మానం మాత్రం చెయ్యొద్దు నాకు" అనేవాడు.

అలా ఎండలో నల్లబడుతూ కొన్నేళ్ళు గడిపాను. నా చదువు అక్కడితో ఆగిపోయింది. ముదీర్ కువైట్ వదిలి వెళ్ళే వారం, ఒక సాయంత్రం టైర్ల దగ్గరికి వచ్చారు. సూటుతోనే ఒక ట్రక్కు టైరు మీద కూర్చున్నారు.

"రాజు, నువ్వు అసలు ఆ పాట విన్నావా?"

"లేదు సార్. ఒక్కటీ వినలేదు."

ఆయన నా వంక వింతగా చూశారు. తర్వాత పక్క టైరు మీద వేళ్ళతో మీటలు నొక్కుతున్నట్టు తాళం వేస్తూ, గొంతు సవరించుకుని, ఆ నంబర్ వన్ పాట మొదటి నుంచి చివరిదాకా కూనిరాగం తీశారు.

"ఎలా ఉంది?"

టైర్ల దగ్గరున్నవాణ్ణి ఇంకెక్కడికి పంపుతాడు? జీవితంలో మొదటిసారి పై అధికారికి నిజం చెప్పాను. "బాగాలేదు సార్. ఖాళీ పీపా మెట్ల మీంచి దొర్లినట్టుంది."

ఆయన లేచి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. టైరు నలుపంతా ఆయన చేతులకి అంటింది. తుడుచుకోలేదు.

"వాళ్ళకి నేను చెప్పింది కూడా అదే" అన్నారు.

ఇన్నేళ్ళలో నేను ఎవరికైనా చేసిన అసలైన సన్మానం అదొక్కటే. శాలువా లేదు, ప్రెసిడెంటు లేడు.

ఇప్పుడు ఊళ్ళో ఉంటున్నాను. మొన్న మా పెద్దల క్లబ్బువాళ్ళు ఇంటికి వచ్చారు. గల్ఫ్‌లో తెలుగు వెలుగు నిలిపినందుకు నాకు సన్మానమట. నాకెందుకండీ, వద్దన్నాను. మళ్ళీ అడిగారు. నిజంగానే వద్దన్నాను. "సరేనండీ, మీ ఇష్టం" అని లేచి, కాఫీ తాగిన గ్లాసులు కింద పెట్టి వెళ్ళిపోయారు. గేటు దాకా వెళ్ళి చూశాను, వెనక్కి కూడా తిరగలేదు. మూడోసారి అడగాలన్న ఇంగితం లేదు. వీళ్ళా మనకి మర్యాదలు నేర్పేది?

అందుకని, చదువుతున్న మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. నాకు తెలియని పాట గురించి పత్రం రాయను. ప్యాకింగ్ కాగితం చదివి మనుషుల్ని తేల్చను. ఎవరైనా వద్దంటే ఆ మాటకి వద్దనే అర్థమని బతికినంతకాలం నమ్ముతాను. ఒక్క నేను వద్దన్నప్పుడు తప్ప.